అంచు ఆకు

చింతామణి,
ఆదివారం.

కిశోర్,

నువ్వు నీ తల్లిని చూసి సిగ్గుపడుతున్నావు. ఈ ఒక్క మాట చెప్పడానికి వాట్సాప్‌లో అంత పొడుగు రాత రాశావు. 'పరిస్థితి' అన్నావు, 'వాళ్ళ ఇంటి పద్ధతి' అన్నావు, 'ఒక్క రోజుకే కదా నాన్నా' అన్నావు. సిగ్గు అని రెండక్షరాలు రాసి ఉంటే నీకూ శ్రమ తగ్గేది, నాకూ కళ్ళజోడు తుడుచుకునే పని తప్పేది.

ఫోన్‌లో చెబితే మధ్యలో పెట్టేస్తావు. కాగితాన్నయితే చించాలి. చించేవాడు కూడా ముందు ఒకసారి చదువుతాడు. అందుకే పుణెకు ఉత్తరం రాస్తున్నాను.

'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపవలెను' అని మొదలుపెట్టాలని మా నాయన నేర్పాడు. నీ క్షేమం తెలుపు, అంతవరకు సరే. ఇక్కడి క్షేమం గురించి అబద్ధం రాయలేను. నేను తింటున్నాను, బడికి పోతున్నాను, పిల్లలకు విజ్ఞానం పాఠాలు చెబుతున్నాను. సాదలిలో మా అమ్మకు, మీ అవ్వకు, మోకాళ్ళు తప్ప అన్నీ గట్టిగానే ఉన్నాయి, నోరు మరీ గట్టిగా ఉంది. మీ అమ్మకు మాత్రం క్యాన్సరు తిరగబెట్టింది. రెండేళ్ళ కిందట గర్భసంచి తీసేసినప్పుడు పోయిందనుకున్నది పొట్టంతా పాకింది. బెంగళూరులో డాక్టరు స్కానింగు కాగితాలు చూసి, ఇక కరెంటు పెట్టించి లాభం లేదు, నొప్పికి మాత్రలు రాస్తాను అని కన్నడలో చాలా మెల్లగా చెప్పాడు. ఎన్నాళ్ళు అని అడిగాను. దీపావళి అన్నాడు. ముందా, తర్వాతా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నీ పెళ్ళి దీపావళి అయిన మూడు వారాలకు. అమ్మ మెడలో ఆ సిలువ తీసేసి, బొట్టు పెట్టుకుని, సాదలికి పోయి అవ్వ చెప్పినట్టు శాంతి చేయించుకుంటేనే మండపానికి రావాలని, లేదంటే ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లోనే ఉండిపోవాలని రాశావు కదా. చూడు, నీకు అబద్ధం చెప్పే పని కూడా తప్పింది.

కోపంగా రాస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా నాకు వచ్చింది ఈ ఒక్క రాతే. నీ ప్రశ్నలకు జవాబు చెబుతాను, చివరిదాకా చదువు.

'అమ్మను ఎవరు మార్చారు, ఏం ఆశ చూపించారు?' అని అడిగావు. ఆశ చూపించింది ఒక ప్లాస్టిక్ కుర్చీ. బస్టాండు వెనక రూప అనే ఆమె బట్టలు కుడుతుంది. ఆమె భర్త మోహన్‌కుమార్‌ది ఆ పక్కనే వెల్డింగ్ షాపు. ఆదివారాల్లో షాపు మీది రేకుల గదిలో ప్రార్థన నడిపించేదీ ఆయనే. రెండేళ్ళ కిందట మీ అమ్మ రవికె కుట్టించుకోవడానికి పోయి ఆ కుర్చీలో కూర్చుంది. లేచేసరికి మరక. ముఖం చిట్లించకు, ఇంకా ఉంది. అమ్మ కొంగుతో తుడవబోయిందట. రూప ఆమె చెయ్యి పట్టి ఆపి, కింద పడి ఉన్న గుడ్డపీలిక తీసుకుని తానే తుడిచి, ఆ కుర్చీని మిషను దగ్గరికి లాక్కుని అందులో తానే కూర్చుందట.

"ఆ కుర్చీలోనే కూచునె చూడప్పా!" అని మీ అమ్మ ఆ సాయంత్రం నాతో నాలుగుసార్లు చెప్పింది. "మిషను తొక్కుతా తొక్కుతా, ఎన్ని దినాలాయ అక్కా ఇట్ల అనె. దినాలు కాదమ్మా, ఏండ్లు అంటి. అంతే, ఆమీట నాకు ఏడుపు ఆగలే."

ఆ ఏండ్లు నీకు తెలుసు. సాదలిలో మన పట్టుపురుగుల పంట పోయిన రోజు నీకు పద్నాలుగేళ్ళు. ముట్టులో ఉన్న ఆడమనిషి పురుగుల ఇంటి గడప దాటకూడదనేది అక్కడి కట్టడి. మీ అమ్మ దాటింది. తెల్లారేసరికి తట్టల నిండా పురుగులు తలలెత్తి ఊపుతూ, పచ్చని నీళ్ళు కక్కి, ముడుచుకుపోయి చచ్చాయి. అవ్వ మీ అమ్మను వాకిట్లో నిలబెట్టి ఊరందరి ముందర ఏమన్నదో నువ్వు విన్నావు. 'మీ యమ్మ చెయ్యి మంచిది కాదు, ముట్టుకోవద్దురా' అని నీతో అన్నదీ విన్నావు. విని, పాటించావు. ఆపరేషనప్పుడు ఆసుపత్రికి వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డావు. ఆమె చెయ్యి చాపింది. నువ్వు జేబులోంచి ఫోను తీశావు.

ఆ పంట పోయిన ఏడాదే ఆమెకు రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. నెలకు పది రోజులు, తర్వాత ఇరవై. పురుగులను చంపినందుకు శిక్ష అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చింతామణికి కాపురం మార్చినా, అవ్వ లేకపోయినా, తన పళ్ళెం తానే వేరుగా పెట్టుకుంది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. పురుగులు ఆకు మేసే చప్పుడు సన్నని వాన చప్పుడులాగే ఉంటుంది కదా; ఇక్కడ రేకుల మీద తుంపర పడితే చాలు, రెండు చెవులూ మూసుకునేది. అది చెవినొప్పి అనుకున్నాను. చుక్కల మందు కూడా తెచ్చి ఇచ్చాను. ఇల్లాలి చెవుల్లో ఏముందో తెలుసుకోలేని వాణ్ణి ఊళ్ళ మూఢనమ్మకాల మీద వారం వారం కన్నడ పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ణి.

రూప పిలిస్తే ఆ ఆదివారం పోయింది. లోపలికి పోలేదు, మెట్ల మీద చెప్పుల దగ్గర కూర్చుందట. మన సీమలో ముట్టు అంటే తాకడమూ అదే, నెలసరీ అదే, మైలా అదే. ఆ మాటను ఆడవాళ్ళు నోటితో అనరు, 'బయట కూచున్న్యా' అంటారు. ఆ రోజు జరిగింది ఆమె మాటల్లోనే రాస్తాను, నా చేతిలో పడితే చెడిపోతుంది.

"ఆయప్ప సదువుతా సదువుతా 'ముట్టింది' అనె. నాకు గుండె దిగ్గుమనె. ఇంతమంది మగోళ్ళ ముందర ఆ మాటంటాండాడే, నా కత వీనికెవురు చెప్పిరబ్బా, లేసిపోదామనుకుంటి. ఆమీట చెప్తాండాడు, ఎవురో ఆడమనిషంట, రక్తం పోతాండాదంట. పన్నెండేండ్లంట, నాకన్నా ఒక ఏడు ఎక్కువే. గుంపులో ఎనకాల్నుంచి పోయి యేసయ్య అంగీ అంచు ముట్టిందంట. ఆయన మైలపడలేదంట. ఎవురు ముట్టిరి అని నిలబడి అడిగి, అందరి ముందర బిడ్డా అన్న్యాడంట. బిడ్డా అన్న్యాడంటప్పా!"

"అది కతలే," అన్నాను.

"కతే. నీ కతల్లో నన్ను ఎవురు బిడ్డా అన్న్యారు?"

ఎన్ని వేదికల మీద ఎంతమందికి జవాబు చెప్పినవాణ్ణి!

'నువ్వు నాస్తికుడివి కదా, నువ్వెందుకు ఆపలేదు?' అన్నది నీ రెండో ప్రశ్న. ఆపకేం? శాయశక్తులా ఆపబోయాను. ప్రార్థనలతో రోగాలు పోతాయా అని ఒక వ్యాసం రాసి ఆమెకే చదివి వినిపించాను. చివరిదాకా వింది. "బాగా రాసినావు, పేపరోళ్ళు ఏస్తారు," అని చెప్పులు వేసుకుంది. యాడికి అంటే ఆసుపత్రికి అంది. "రూప పిల్చుకోని పోతానన్న్యాది. నువ్వు పదకొండేండ్లలో ఒక్కసారన్నా యాడ నొస్తాదే అని అడిగినావా?"

విన్నావా? నేను మోసమని రాసిన ఆ ప్రార్థన మనుషులే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. విజ్ఞానం చదివిన మొగుడు తీసుకుపోలేదు. దేవుడు ఆమె రోగం పోగొట్టలేదు. పోగొట్టాడని ఆమె కూడా ఎక్కడా చెప్పదు. డాక్టరు ఏమన్నాడో చెప్పనా? పదేళ్ళు ముందు వచ్చి ఉంటే అన్నాడు. ఆ పదేళ్ళు మింగింది సిగ్గు.

కానీ పోయింది ఒకటి ఉంది. నేను చూశాను కాబట్టి రాయకపోతే అబద్ధమవుతుంది. ఆమెకు భయం పోయింది. పళ్ళెం వేరు పెట్టడం మానింది. బస్సులో కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చుంటోంది. వాన వస్తే పోయి రేకుల కింద నిలబడుతోంది. ఇది మాయ కాదు, మత్తు కాదు, నువ్వన్నట్టు ఎవరో పెట్టిన మందూ కాదు. నేను నా జన్మలో నూరు సభల్లో ఆడవాళ్ళకు ఇస్తానన్న స్వేచ్ఛ ఇదే. నా సభలకు మీ అమ్మ ఒక్కసారీ రాలేదు, నేను పిలవలేదు.

పోయిన నెల ఆమె ఆ రేకుల గదిలో సాక్ష్యం చెప్పింది. సాక్ష్యమంటే తనకు జరిగింది లేచి నిలబడి అందరికీ చెప్పడం. నేను గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను, సరిగ్గా చెప్పుల దగ్గర. వాన జోరుగా పడుతోంది. ఆమె గొంతు పెంచి, "నేను ముట్టులో పురుగుల ఇంట్లోకి పోతి. పురుగులన్నీ సచ్చె. నా వల్లనే అని పదకొండేండ్లు దాచిపెట్టుకోని బతికితి. నాలాంటిదాన్ని కూడా ఆయన దగ్గిరికి తీసుకునె. ఇప్పుడు నాకు సిగ్గు లేదు," అని చెప్పింది. ఒక ముసలామె స్తోత్రం అంది. మీ అమ్మ ముఖం పెళ్ళినాడు కూడా అంత తేటగా లేదు.

నేను ఆ మెట్ల మీద నిలబడలేకపోయాను. ఎందుకో ఇప్పుడు రాస్తాను. ఇది నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

పురుగులను చంపింది నేను.

నాలుగో జ్వరం, అంటే ఆఖరిసారి పొర విడవడం, దాటితే పురుగుల ఆకలికి అంతుండదు. ఆ రోజు ఆకు కోయడానికి కూలివాళ్ళు రాలేదు. నాకు బాగేపల్లిలో సాయంత్రం ఉపన్యాసం. విషయం 'మైల ఎవరి సృష్టి?' బస్సుకు టైమవుతోంది. పెద్ద మడిదాకా పోయే ఓపిక లేక, పక్క పొలం పిళ్ళప్ప టమాట తోటను ఆనుకుని ఉన్న మన మల్బరీ అంచు వరుసల్లో ఆకు కోశాను. పిళ్ళప్ప పొద్దున్నే గట్టు మీదినుంచి అరిచి చెప్పాడు. "సార్, ఆ అంచు ఆకు కొయ్యొద్దండి. మందు కొట్టినాము. గాలి మీ పక్కకే ఉండాది. పది దినాలు తాళండి." నేను చెయ్యి ఊపాను. తర్వాత మరిచిపోయానని నాకు నేను పదమూడేళ్ళు చెప్పుకున్నాను. మరిచిపోలేదు. రెండు వరుసలకు ఏమవుతుందిలే అనుకున్నాను.

మోపు తెచ్చి పురుగుల ఇంటి ముందర పడేశాను. అవ్వ చిక్కబళ్ళాపురం పోయింది. మీ అమ్మ బయట కూర్చుని ఉంది, మూడో రోజు. "నేను లోపలికి పోగూడదు గదప్పా," అంది. నేను నవ్వాను. "పురుగులకేం తెలుస్తాది? నువ్వే పోయి ఎయ్యి. నా పెండ్లామే ఇట్లంటే బాగేపల్లోళ్ళకు నేనేం చెప్పేది?" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె ఆ స్థితిలో ఆ గడప దాటింది. ధైర్యంతో దాటలేదు, నా మాట నమ్మి దాటింది. నేను పోయి గంటన్నర మాట్లాడాను. చప్పట్లు బాగా పడ్డాయి.

తెల్లారి చచ్చిన పురుగులను చూడగానే నాకు తెలిసిపోయింది. మందు తిన్న పురుగే అట్లా పచ్చగా కక్కుతుంది. 'ఆకు' అని ఒక్క మాట అంటే చాలు. అవ్వ మీ అమ్మ జుట్టు పట్టినప్పుడు ఆ మాట నా నోటిదాకా వచ్చింది. సైన్సు మేష్టరు పురుగులకు విషం మేపాడని ఊరు నవ్వుతుందని మింగేశాను. నాకూ సిగ్గే. నీ సిగ్గు నా దగ్గరినుంచే వచ్చిందని నాకు తెలియదనుకున్నావా? అంతకంటే ఘోరం ఇంకొకటి. ఆ రోజునుంచి మీ అమ్మ అవ్వ చెప్పిందే నిజమనీ, నేను చెప్పింది అబద్ధమనీ నమ్మింది. నేను నేర్పిన ఒక్క నిజాన్ని నేనే ఆమె చేతుల్లో అబద్ధం చేశాను.

సాక్ష్యం అయ్యాక వెల్డింగ్ షాపు ముందర బల్ల మీద కూర్చుని ఆమెకు చెప్పేశాను.

"యా పక్క ఆకు?" అంది.

"పిళ్ళప్ప తోట అంచుది."

"ఊ. ఏసేటప్పుడు ఏందో ఘాటు వాసన వచ్చె. నీకు చెప్దామనుకుంటి. నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలీదా అని ఊరకైతి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాయమ్మా! ఎంత పని చేస్తివప్పా."

"నన్ను క్షమిస్తావా?" అన్నాను. అట్లాంటి మాట నా నోట ఎన్నడూ రాలేదు.

"క్షమించినా. నేనే క్షమాపణ మీద బతికేదాన్ని, నీకు లేదంటే ఎట్ల? అయితే ఒకటి చెప్తా విను. నా బరువు ఆయన ఎప్పుడో ఎత్తేసినాడు. ఇప్పుడు నువ్వు చెప్పింది నీ బరువు. నా మీద పెట్టొద్దు, నాకు సత్తువ లేదు. పిల్లోనికి చెప్పు. వాడు నా చెయ్యి పట్టుకోని పదమూడేండ్లాయ."

అందుకే ఈ ఉత్తరం. నీ పెళ్ళిని చెడగొట్టడానికి కాదు. అయితే చెడినా నేను ఏడవను.

మరునాడే సాదలికి పోయి అవ్వకు చెప్పాను. వినేసి నవ్వింది. "పెండ్లాం సచ్చేటట్లుండాదని నీ మీదేసుకుంటాండావు లేరా. నాకు తెలీదా నీ సంగతి? ముట్టు ముట్టే. ఇంగ తిను, సంగటి ఆరిపోతాది," అంది. పిళ్ళప్ప పోయి నాలుగేళ్ళయింది, సాక్షి లేడు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. జాలిగా చూశారు. పదమూడేళ్ళు ఆలస్యంగా చెప్పిన నిజం అబద్ధంతో సమానమని అక్కడ అర్థమైంది. ముప్పై ఏళ్ళు మాటలతో బతికినవాడి మాటను సొంత ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. నువ్వు నమ్ముతావో లేదో నాకు తెలియదు. పెద్దగా ఆశ లేదు.

రూప భర్త, మీ కోసం ప్రార్థన చేయమంటారా సార్ అని అడిగాడు. వద్దన్నాను. నాకు నమ్మకం లేదు. లేనిదాన్ని ఉన్నట్టు తల వంచితే అది ఇంకొక అబద్ధం. మీ అమ్మకు తెరుచుకున్న తలుపు అది. ఆమె లోపలికి పోయింది, నేను బయటే ఉన్నాను. ఆమె నిద్రపోతోంది కిశోర్, మాత్ర వేసుకుని, నొప్పిలో కూడా ముఖం మీద ముడత లేకుండా. నాకు నిద్ర రావడం లేదు. ఇద్దరిలో రోగి ఎవరో నాకే అర్థం కావడం లేదు.

వాదన అయిపోయింది. నువ్వు చేయవలసినవి ఇవి.

ఒకటి. దీపావళి దాకా ఆగకుండా వచ్చే శనివారానికి రా. ఒక్కడివే రా.

రెండు. వచ్చి ఆమె చెయ్యి పట్టుకో. ఫోను బయట పెట్టి రా.

మూడు. లగ్నపత్రికలో తల్లి పేరు సుజాతమ్మ అని ఉండాలి. ఆమె ఉన్నా, లేకపోయినా.

నాలుగు. ఆమె మెడలోది తీయమని నువ్వు గానీ, ఇంకెవరు గానీ అడగకూడదు.

ఐదు. సోమేనహళ్ళికి పోయి, నువ్వు చేసుకోబోయే రంజితకూ, వాళ్ళ నాన్న గంగాధరప్పకూ మీ అమ్మ విశ్వాసం గురించి నువ్వే చెప్పు. సంబంధం వద్దంటే సరేనని లేచి వచ్చెయ్యి.

ఆరు. అవ్వకు ఫోన్ చేసి పురుగులు చచ్చింది ఆకు వల్ల అని చెప్పు. నీ మాటైతే వింటుందేమో.

ఏడు. తనను ఎక్కడ పూడ్చాలో అమ్మ రూపకు చెప్పి ఉంచింది. ఆ రోజు నువ్వు సాదలికి తీసుకుపోదామనే మాట ఎత్తకూడదు.

ఎనిమిది. నాకు జవాబు రాయొద్దు. ఆమెకు రాయి. అక్షరాలు పెద్దవిగా రాయి, మాత్రలకు ఆమె చూపు మసకబారింది.

ఇట్లు,
సుజాతమ్మ భర్త, నీ నాన్న
అమరనాథ్